మా పెద్దమ్మ నీళ్ళ యావ

మా అమ్మ నోట్లో కొన్ని మాటలు ఎప్పుడూ తయారుగా ఉండేవి. అందులో 'యావ' ఒకటి. నేను మూడో రొట్టెముక్కకి చెయ్యి చాపితే తిండి యావ. మెట్ల మీద ఆడుకుంటూ పిలిచినా పలక్కపోతే ఆటల యావ. మా నాన్న బస్సు దిగి ఇంటికి వచ్చి, యూనిఫాం విప్పకుండానే పేపరు పట్టుకుని కుర్చీలో కూలబడితే పేపరు యావ. ఎదురింటావిడ కిటికీలకి ముచ్చటగా మూడోసారి కర్టెన్లు మారిస్తే షోకుల యావ. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం.

నాన్న బస్సు డ్రైవరు. రోజంతా తిరిగిన దారినే తిరుగుతూ ఉంటాడు కాబట్టి బుర్రకి పని కావాలని మాటల్ని తిరగేసి, బోర్లేసి చూస్తుండేవాడు. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన ఈ మాటని పట్టుకున్నాడు. నాకు ఆశ ఉందంటారు, నాకు కోరిక ఉందంటారు, కానీ నాకు యావ ఉందని ఎవరైనా అనగా విన్నారా అని అడిగాడు. ఎవరం వినలేదు. యావ ఎప్పుడూ ఎదుటివాళ్ళకే ఉంటుందన్నాడు. ఇంకొకటి కూడా చెప్పాడు. ఆకలి తీరుతుంది, దాహం తీరుతుంది, ముచ్చట తీరుతుంది, ఆఖరికి పగ కూడా తీరుతుంది. యావ తీరిందని మాత్రం ఎవరూ అనరు. తీరదని తెలిసే దానికి వేరే పేరు పెట్టుకున్నారట.

"భోంచెయ్యండి, చల్లారిపోతోంది. మాటల యావ మీరూను," అంది అమ్మ.

మా ఇంట్లో ఆ మాట దెబ్బ తగలని మనిషి ఒక్కరే. మా పెద్దమ్మ. అమ్మకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళ అమ్మ పోయేనాటికి మా అమ్మ ఇంకా పలకాబలపం పిల్ల. పెద్దమ్మ చదువు ఆపేసి ఒక పెద్ద హోటల్లో ఇస్త్రీ పనిలో చేరి, చెల్లెల్ని పెంచింది, చదివించింది, పెళ్ళి చేసింది. తరవాత మాతోనే ఉండిపోయింది. మేడ మీద మూడు గదుల ఇల్లు మాది. వీధి వైపున్న చిన్నగది ఆవిడది. అందులో ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి రెండు కొక్కేలు. ఆ రెండో కొక్కెం ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. పెట్టింది తినేది, ఇచ్చింది కట్టేది. ఏం కావాలని ఎవరడిగినా ఆవిడ జవాబు ఒకటే: "నాకెందుకులే."

ఆవిడ పనిచేసే చోటు నేను చూశాను. హోటలు కింద, నేలమాళిగలో. పైనుంచి గొట్టాలు, గొట్టాల నిండా ఆవిరి. దుప్పట్లు నొక్కే పెద్ద రోలరు ఒక పక్క గుర్రుమంటూ ఉండేది. చొక్కాలు, గౌన్లు మాత్రం చేత్తోనే ఇస్త్రీ చెయ్యాలి. ఆడవాళ్ళందరూ వరసగా బల్లల ముందు నిలబడేవారు. కూర్చునే పద్ధతి లేదు. గోడకి పైన, కప్పుకి ఆనుకుని ఒక సన్నటి కిటికీ. అందులోంచి వీధిలో నడిచేవాళ్ళ బూట్లు మాత్రం కనిపించేవి. పెద్దమ్మ ముంజేతుల మీద సన్నటి కాలిన గీతలుండేవి. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పి, కాళ్ళు గోడకి ఆనించి నేల మీద వెల్లకిలా పడుకునేది. పాదాలు పొంగిన పిండిలా ఉండేవి. నొప్పా అని అడిగితే, నవ్వి, కాళ్ళన్నాక నొప్పి ఉండదా అనేది.

ఆ హోటల్లో అతిథుల కోసం ఈతకొలను ఒకటి ఉండేదట. పెద్దమ్మ దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. అక్కణ్ణుంచి దిగే తువ్వాళ్ళు మాత్రం బండ్లకొద్దీ ఆవిడ చేతుల మీదుగా వెళ్ళేవి. వాటికి కొలను నీళ్ళలో కలిపే మందు వాసన ఘాటుగా ఉండేది. ఆ వాసన పెద్దమ్మ జుట్టుకి కూడా ఉండేది. నేను చిన్నప్పుడు అది పెద్దమ్మ వాసనే అనుకునేదాన్ని.

నాకు ఎనిమిదో ఏట దగ్గు పట్టుకుంది. మందులు మింగినా వదల్లేదు. ఊపిరితిత్తులు గట్టిపడాలంటే ఈత నేర్పించమన్నాడు డాక్టరు. అమ్మ రొట్టెల దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేసేది, పైగా ఆవిడకి నీళ్ళంటే చచ్చేంత భయం. కడవలో నీళ్ళు కదిలినా కళ్ళు తిరుగుతాయనేది. అందుకని సెలవు రోజున నన్ను మునిసిపల్ ఈతకొలనుకి తీసుకెళ్ళే పని పెద్దమ్మ మీద పడింది.

అక్కడ ఈత నేర్పే మనిషికి మెడలో ఎప్పుడూ ఈల ఉండేది కాబట్టి అందరూ ఈల మాస్టారు అనేవారు. బానపొట్ట, పొట్టికాళ్ళు. నీళ్ళలో దిగితే మాత్రం చేపపిల్లలా తిరిగేవాడు. నన్ను చూసి, పెద్దమ్మని చూసి, చిన్నపిల్లలతో పెద్దవాళ్ళు ఒకరు నీళ్ళలో ఉండాలి, అది ఇక్కడి రూలు అన్నాడు. పెద్దమ్మ గట్టు మీద నిలబడి చూస్తానంది. కుదరదన్నాడు. నాకెందుకులే అంది. మీకు కాదమ్మా, పిల్లకి అన్నాడు.

తరవాతి వారానికి పెద్దమ్మ తనే ఈత బట్టలు కుట్టుకుంది. హోటల్లో పాత కర్టెన్లు పారేస్తుంటే వాటి లోపలి నల్లగుడ్డ అడిగి తెచ్చుకుంది. మెడ నుంచి మోకాళ్ళ దాకా, చేతులు మణికట్ల దాకా. ఎక్కడా పట్టెయ్యకూడదని వదులుగా కుట్టింది. అదే కొంప ముంచింది. నీళ్ళలో నడుం దాకా దిగేసరికి ఆ గుడ్డలో గాలంతా చిక్కుకుని, మా పెద్దమ్మ నల్లటి బెలూనులా ఉబ్బిపోయింది. కాళ్ళు నేలకి అందడం లేదు. గట్టున ఉన్న కమ్మీని రెండు చేతులా పట్టుకుని వేలాడుతోంది. పిల్లలందరూ ఒకటే నవ్వు. ఈల మాస్టారు మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి, నెమ్మదిగా మెడ దగ్గర గుడ్డ లాగిపట్టి గాలి వదిలెయ్యమని, ఊపిరి పట్టి ఒక్కసారి మునగమని చెప్పాడు.

పెద్దమ్మ కళ్ళు మూసుకుని మునిగింది. ఆవిడ తలమీద నీళ్ళు కలుసుకున్నాయి. ఎంతకీ పైకి రాలేదని నాకు భయం వేసింది. అంతలో లేచింది. ముక్కుల్లోంచి నీళ్ళు, కళ్ళెర్రగా, జుట్టంతా మొహం మీద. ఆ మొహంలో ఉన్నదాన్ని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఎవరో వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసే మనిషిలా ఉంది. మళ్ళీ మునిగింది.

ఇంటికి నడిచి వస్తుంటే పెద్దమ్మ తడిజుట్టు పిండుకుంటూనే ఉంది. పాలబూతు మలుపు దగ్గర ఆగి, నా భుజం మీద చెయ్యి వేసి, చాలా మామూలుగా చెప్పింది.

"నీళ్ళలో ఉన్నంతసేపూ నా కాళ్ళు నొప్పి పెట్టలేదే, పిల్లా."

ఇప్పుడు తలుచుకుంటే అంతా అక్కడే మొదలైందనిపిస్తుంది. పదహారో ఏట నుంచి నిలబడే ఉన్న మనిషి. కాళ్ళన్నాక నొప్పి ఉంటుందనే అనుకుంటూ వచ్చింది. నొప్పి లేకుండా కూడా కాళ్ళు ఉంటాయని ఆ రోజు తెలిసింది.

ఎండాకాలం గడిచేసరికి నా దగ్గు పోయింది. నాకు ఈత మీద సరదా కూడా పోయింది. స్నేహితురాళ్ళతో తాడాట ఎక్కువైంది. పెద్దమ్మకి మాత్రం ఇంకా మొదలే. హోటల్లో బతిమాలి మధ్యాహ్నం డ్యూటీ వేయించుకుని, పొద్దున్నే కొలను తలుపులు తీసే వేళకి గేటు దగ్గర నిలబడేది. ముందు తేలడం నేర్చుకుంది. తరవాత కప్పలా కాళ్ళు కొట్టడం. సగం కొలను తాగేసింది. "వదినా, కొలనులో నీళ్ళు తగ్గిపోతున్నాయని మునిసిపాలిటీ వాళ్ళు విచారణ వేశారట, కాస్త జాగ్రత్త," అని నాన్న ఏడిపించేవాడు. పెద్దమ్మ సిగ్గుపడేది కానీ మర్నాడు మళ్ళీ వెళ్ళేది. వదులుగుడ్డ పోయి ఒంటికి సరిపోయే ఈతబట్టలు వచ్చాయి. గోడకి రెండో కొక్కెం మీద అవి ఆరుతూ ఉండేవి, కింద ఒక పళ్ళెం, పళ్ళెంలో టప్ టప్ మని నీటిచుక్కలు.

అడ్డంగా ఈదడం వచ్చాక నిలువుగా ఈదాలనిపించింది. నిలువు వచ్చాక లోతు వైపు. ఆ తరవాత ఆగకుండా ఎంతసేపు ఈదగలనో చూడాలనిపించింది. ఈల మాస్టారు ఈల ఊది అందరినీ పైకి రమ్మంటే, వినపడనట్టు ఇంకో చుట్టు వేసేది. ఇంట్లో భోంచేస్తూ ఉన్నట్టుండి భుజాలు కదిపేది. టీ కప్పులో చెంచా తిప్పుతూ చెయ్యి నీళ్ళలోకి ఎలా దిగాలో నాకు చూపించేది. మనిషి సన్నబడింది. రంగు తేలింది. పాటలు కూనిరాగం తీసేది. వాటికి ముందూ వెనకా ఉండేవి కావు, మధ్యలో ఒకటే చరణం.

మొదట్లో అమ్మ సంతోషించింది. అక్కకి ఇన్నాళ్ళకి ఒక సరదా దొరికిందని దుకాణంలో అందరికీ చెప్పుకుంది. కానీ సరదా అంటే అమ్మ లెక్కలో వారానికి ఒకసారి. ఇది రోజూ అయ్యేసరికి ఆవిడకి ఏదో తేడాగా అనిపించింది. ఒకరోజు పెద్దమ్మకి జ్వరం. అయినా సంచీ సర్దుకుంటోంది. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడి ఆ మాట అనేసింది.

"ఇది సరదా కాదక్కా, యావ. ఆశకి కడుపంటూ ఉంటుంది, ఎక్కడో ఒకచోట నిండుతుంది. యావకి ఉండదు. దానికి పెట్టేకొద్దీ ఇంకా పెట్టమంటుంది."

పెద్దమ్మ ఆ రోజు సంచీ కింద పెట్టింది. ముడుచుకుని పడుకుంది. అన్నేళ్ళలో ఆ మాట తన మీదికి రావడం అదే మొదటిసారి.

ఆ ఏడు చలికాలంలో కొలనులో పలకలు ఊడుతున్నాయని నీళ్ళు వదిలేసి మరమ్మతు మొదలుపెట్టారు. ఎప్పటికి తెరుస్తారో చెప్పలేదు. పెద్దమ్మ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. పాదాలు మళ్ళీ పొంగాయి. పనికి పోతూ పోతూ ఆ గేటు దగ్గర ఆగి, అడుగున సిమెంటు బస్తాలు పేర్చి ఉన్న ఖాళీ గుంటని చూసి వచ్చేది. అప్పుడు నాన్నే నోరు జారాడు. తన బస్సు ఆఖరి స్టాపు దాటి కాస్త నడిస్తే సరస్సు ఉందనీ, అక్కడ జనం ఈదుతారనీ చెప్పాడు. చెప్పాక అమ్మ మొహం చూసి కిటికీ వైపు తిరిగాడు.

పెద్దమ్మ ఒక్కతే రెండు మూడుసార్లు వెళ్ళొచ్చింది. ఆ నీళ్ళు కొలను నీళ్ళలా కావట. మందు వాసన ఉండదు, అడుగు కనపడదు, గోడ తగలదు. గోడ తగలదన్న మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు చిన్నదైపోయేది. అవతలి ఒడ్డున ఎర్రరేకుల షెడ్డు ఒకటి ఉందనీ, అక్కడికి వెళ్ళాలనీ నాతో చెప్పింది. అమ్మకి చెప్పొద్దంది.

ఎండ కాసిన ఒక ఆదివారం అందరం కలిసి వెళ్ళాం. రొట్టెలూ ఉడికించిన గుడ్లూ కట్టుకుని, పచ్చిక మీద దుప్పటి పరుచుకున్నాం. పడవలు అద్దెకిచ్చే ముసలాయన ఒకడు ఒడ్డున కూర్చుని పడవకి తారు పూస్తున్నాడు. పెద్దమ్మ నీళ్ళలోకి దిగింది. ఒడ్డు దగ్గరే ఉండమని అమ్మ చెప్పింది. ఆవిడ తలూపింది. కాసేపు అక్కడక్కడే తిరిగింది. నేను గుడ్డు ఒలుస్తూ తల ఎత్తేసరికి ఆవిడ తల నీళ్ళ మీద చిన్న నల్లచుక్కలా ఉంది. అవతలి ఒడ్డుకేసి పోతోంది.

అమ్మ లేచి పిలిచింది. గాలి లేచింది, నీళ్ళ మీద అలలు పడ్డాయి, చుక్క కనపడలేదు. మళ్ళీ కనపడింది. కదలడం లేదు. అమ్మ పిలుస్తూనే నీళ్ళలోకి నడిచింది. నీళ్ళంటే చచ్చేంత భయమున్న మా అమ్మ నడుం దాకా దిగిపోయింది. నాన్న పరిగెత్తి ఆవిణ్ణి పట్టుకున్నాడు. పడవ ముసలాయన తారు కుంచె పారేసి తెడ్లు అందుకున్నాడు.

పెద్దమ్మ పిక్క పట్టేసిందట. ఈల మాస్టారు నేర్పినట్టు వెల్లకిలా తిరిగి, తేలుతూ ఉండిపోయింది. కేకెయ్యలేదు. ముసలాయన ఆవిణ్ణి బస్తాలా పడవలోకి లాగి తీసుకొచ్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఒడ్డున దిగగానే అమ్మ ఆవిణ్ణి గట్టిగా చెంపమీద కొట్టింది. తనని పెంచిన అక్కని కొట్టింది. కొట్టి, పచ్చిక మీది దుప్పటి తీసి ఆవిడ చుట్టూ కప్పి, అక్కడే కూలబడి ఏడ్చింది.

ఇంట్లో, వంటగదిలో, అమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టి, అటు తిరిగే అడిగింది. "నాకు అమ్మవీ నువ్వే, అక్కవీ నువ్వే. నువ్వు పోతే నేనేం కావాలో ఆలోచించావా? ఇంక నీళ్ళలో దిగనని ఒట్టెయ్యి."

పెద్దమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తడిజుట్టు భుజాలమీద, వేడి గ్లాసు రెండు చేతుల మధ్య. నేను గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు.

"ఒట్టెయ్యలేను. నువ్వు యావ అన్నావు చూడు, అది నిజమే. నాకు యావే. చిన్నప్పటి నుంచీ నాకు ఏదీ కావాలనిపించలేదు. అందరూ అది నా మంచితనం అనుకున్నారు. కావాలనుకోడానికి తీరిక ఏదే నాకు? ఇన్నేళ్ళకి ఒకటి కావాలనిపించింది. ఎంత దొరికినా చాలనిపించట్లేదు. నేనేం చెయ్యనే?"

నాన్న గదిలోంచి విన్నాడు. ఆ రోజు ఆయన హాస్యమాడలేదు.

చివరికి ఒప్పందం ఒకటి కుదిరింది. ఒక్కతే సరస్సుకి వెళ్ళకూడదు. పక్కన పడవ లేకుండా లోపలికి పోకూడదు. పెద్దమ్మ ఒప్పుకుంది. అమ్మ మాత్రం ఆ చలికాలమంతా, అది పోయాక కూడా, అక్కతో మాట్లాడలేదు. ఇద్దరి మధ్య కబుర్లు నా చేత మోయించారు. "మీ పెద్దమ్మని భోజనానికి రమ్మను." "మీ అమ్మని ఉప్పు అందించమను." ఒకే బల్ల దగ్గర, మోచేతులు తగులుతూ కూర్చుని.

ఎండలు ముదిరే వేళకి కొలను తెరిచారు. సరిగ్గా అప్పుడే అమ్మ రొట్టెల దుకాణం వెనక మెట్లమీద జారి మోకాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక కాలు వంగలేదు. డాక్టరు ఏవో మందులు రాసి, వాటికంటే ముఖ్యం రోజూ నీళ్ళలో నడవడం, రొమ్ములదాకా నీళ్ళుండాలి అన్నాడు. నాన్నకి నవ్వాగలేదు. బయటికి వచ్చి గోడ వైపు తిరిగి నవ్వాడు. అమ్మ ససేమిరా అంది. కుంటుతూనే బతుకుతానంది. పెద్దమ్మ నల్లగుడ్డతో ఈతబట్టలు ఇంకొక జత కుట్టి, ఈసారి వదులు లేకుండా, అమ్మ మంచం మీద పెట్టి పనికి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు అవి అలాగే ఉన్నాయి. అయిదో రోజు అమ్మ నన్ను పిలిచి, మీ పెద్దమ్మ రేపు ఎన్నింటికి వెళ్తుందో కనుక్కోమంది.

నేనూ వెళ్ళాను. మెట్ల దగ్గర పెద్దమ్మ ముందు దిగి, చేతులు చాపి నిలబడింది. అమ్మ ఒక్కొక్క మెట్టూ దిగి, చన్నీళ్ళు పొట్టకి తగలగానే అక్క మెడ వాటేసుకుంది. "వదలకు," అంది. "వదలను," అంది పెద్దమ్మ. నెలల తరవాత వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకున్న మాటలు అవి. "నీట ముంచినా పాల ముంచినా ఇంక నీదే భారం," అని గొణిగింది అమ్మ, కళ్ళు గట్టిగా మూసుకుని. పెద్దమ్మ వెనక్కి నడుస్తూ, చిన్నప్పుడు నడక నేర్పినట్టే, ఆవిణ్ణి కొలను అటు చివరిదాకా నడిపించుకెళ్ళింది. దారంతా అమ్మ నీళ్ళని తిట్టింది, వాసనని తిట్టింది, డాక్టరుని తిట్టింది. మెడ మాత్రం వదల్లేదు.

మోకాలు వంగింది. వంగిన వారానికే అమ్మ కొలను మానేసింది. బాగానే ఉంది కానీ ఇంక చాలు అంది. మీ అమ్మకి 'చాలు' అనే మాట పలకడం వచ్చు, మీ పెద్దమ్మకి ఆ అక్షరాలు నోరు తిరగవు అన్నాడు నాన్న. ఆ తరవాత అమ్మ అక్క యావ గురించి సాధించలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే మొహం ముడుచుకునేది. తను అనొచ్చు, ఇంకొకళ్ళు అనకూడదు.

ఆ వేసవి చివర పెద్దమ్మ సరస్సు దాటింది. పడవ ముసలాయన తెడ్లు వేశాడు. పడవలో అమ్మ, ఒళ్ళో తువ్వాలు, చేతిలో తాడు. తాడు రెండో కొస పెద్దమ్మ నడుముకి కట్టాలని అమ్మ పట్టుబట్టింది, ముసలాయన వద్దన్నాడు, అయినా అమ్మ తాడు వదలకుండా దారంతా పట్టుకునే కూర్చుంది. నేనూ నాన్నా బస్సెక్కి చుట్టూ తిరిగి అవతలి ఒడ్డుకి చేరేసరికి పెద్దమ్మ ఎర్రరేకుల షెడ్డు ముందు రాయి మీద కూర్చుని ఉంది. అది మేకల షెడ్డు. లోపల మేకలు కూడా లేవు. పెద్దమ్మ ఊపిరి కుదురుకున్నాక, వచ్చిన దారి చూసింది.

"తిరిగి కూడా ఈదుకుంటూ పోదామా?" అంది.

"ఎక్కు," అంది అమ్మ, పడవ చూపించి.

ఆవిడ ఎక్కింది. కానీ దారిపొడుగునా చెయ్యి ఒకటి పడవ అంచు మీదుగా నీళ్ళలోనే ఉంచింది.

తరవాతి కాలమంతా నాకు ఒకే ముద్దగా గుర్తుంది. నేను పెద్ద చదువులకి, తరవాత ఉద్యోగానికి వెళ్ళాను. సెలవులకి వచ్చినప్పుడల్లా పెద్దమ్మ కొత్తది ఏదో చూపించేది. నీళ్ళ కింద కళ్ళు తెరవడం, పక్కకి తిరిగి ఊపిరి తీయడం. హోటల్లో తనతో ఇస్త్రీ చేసే ఆడవాళ్ళని ఒక్కొక్కళ్ళనే కొలనుకి తీసుకొచ్చింది. అందరివీ పొంగిన కాళ్ళే. వాళ్ళలో సగంమందికి సిగ్గు, సగంమందికి భయం. పొద్దున్న మొదటి గంట ఆడవాళ్ళకి మాత్రమే ఇవ్వమని ఈల మాస్టారి వెంటపడి, ఆయన పైవాళ్ళ వెంటపడి, ఆఖరికి సాధించారు. అక్కడ ఆవిణ్ణి అందరూ బాతక్క అనేవారు. గట్టు మీద నడుస్తుంటే నిజంగానే బాతులా ఉండేది, నీళ్ళలో దిగాక మాత్రం ఎవరూ నవ్వేవారు కారు.

పని నుంచి రిటైరయ్యాక రోజుకి రెండు పూటలు వెళ్ళేది. కుడిభుజం అరిగిపోయింది. చెయ్యి ఎత్తొద్దన్నారు. వెల్లకిలా తేలుతూ, చేతులు పక్కన పెట్టుకుని కాళ్ళతోనే ఈదడం నేర్చుకుంది. ఆ తరవాత గుండె నీరసించింది. ఈదొద్దన్నారు. నీళ్ళలో నిలబడొచ్చా అని డాక్టరుని అడిగింది. ఆయన అమ్మ వైపు చూశాడు. నిలబడనివ్వండి అంది అమ్మ. అప్పటికి అమ్మ కూడా నెరిసిపోయింది. రోజూ అక్కని రిక్షాలో తీసుకెళ్ళి, మెట్ల మీద తను కూర్చుని, ఆవిడ కమ్మీ పట్టుకుని నిలబడి ఉంటే చూసేది. ఒకసారి నేను వెళ్ళినప్పుడు, పైకి రమ్మని ఈల ఊదారు. ఈల మాస్టారు కాదు, ఆయన పోయి చాలా కాలమైంది, ఎవరో కుర్రాడు. పెద్దమ్మ వినపడనట్టు నిలబడింది. ఆవిడకి చెవుడేమీ లేదు. "ఇంకొంచెం సేపు," అంది మాకేసి చూడకుండా. కుర్రాడు మళ్ళీ ఊదబోయాడు. అమ్మ వాడి వైపు ఒక్క చూపు చూసేసరికి ఈల నోట్లోంచి తీసేశాడు.

చలికాలంలో, ఒక మధ్యాహ్నం, ఆ వీధిగదిలో కుర్చీలో కూర్చుని కునుకు తీస్తూ పోయింది. పాదాలు కింద వేడినీళ్ళ బేసినులో ఉన్నాయట. అమ్మ నీళ్ళు మార్చడానికి వెళ్ళి చూసింది.

నేను రైలెక్కి వచ్చి, చెయ్యాల్సినవి అయ్యాక కొద్ది రోజులు అక్కడే ఉన్నాను. ఒక పొద్దున్న మెట్లమీద గోలగోలగా చప్పుడు. తలుపు తీస్తే ఆడవాళ్ళు. ముసలివాళ్ళు, నడివయసువాళ్ళు, చంకలో బిడ్డతో ఒకామె. అందరి జుట్లూ తడిగా ఉన్నాయి. కొలను నుంచి నేరుగా వచ్చేశారు. లోపలికి వస్తూనే ఇల్లంతా ఆ మందు వాసన. నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను.

కుర్చీలు చాలక మంచం మీదా నేలమీదా కూర్చున్నారు. పరామర్శ మాటలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. ఇంక ఒకటే కబుర్లు. బాతక్క తనని లోతువైపుకి ఎలా నమ్మించి తీసుకెళ్ళిందో ఒకామె చెప్పింది. తన కాలికి మేకు గుచ్చుకుంటే గాయం మానేదాకా తనని రానివ్వలేదనీ, బాతక్క మాత్రం జ్వరంతో కూడా వచ్చేదనీ ఇంకొకామె ఫిర్యాదు చేసింది. హోటల్లో పక్కబల్ల దగ్గర ఎన్నో ఏళ్ళు నిలబడిన ఆమె మాత్రం మెల్లిగా అంది, ఆ నేలమాళిగలో ఆవిడ ఎన్నడూ ఒక్క పాట పాడగా వినలేదట, ఈత మొదలుపెట్టాక రోలరు చప్పుడుని మించి పాడేదట. అమ్మ వాళ్ళ మధ్య కూర్చుని, ఎవరు మాట్లాడితే వాళ్ళ మొహంకేసి చూస్తూ, ఒకరు ఆపగానే ఇంకా చెప్పమంది. అయిపోయిందంటే, మరోసారి చెప్పమంది.

టీ పెట్టడానికి నేను వంటగదిలోకి వెళ్ళాను. కప్పులు చాల్లేదు. ఎదురింటికి వెళ్ళి అడిగి తెచ్చాను. అవీ చాల్లేదు. చివరికి ఇద్దరు ముగ్గురు ఒకే కప్పులో పంచుకుని తాగారు.